వదినకి చలి పడదు

6 అక్టోబరు 2025, సోమవారం

అయిన పనులు: వంట (పప్పు, దొండకాయ వేపుడు, చారు). వాషింగ్ మెషిన్ రెండుసార్లు. దసరాకి దింపిన ఇత్తడి సామాను తోమించి అటక మీద పెట్టించాను. గ్యాసు బుక్ చేశాను. ఇస్త్రీకి పద్నాలుగు ఇస్తే పదమూడు వచ్చాయి, ఆయన తెల్ల చొక్కా రావాలి.

కాని పని: బియ్యం ఏరడం.

చిట్టీ డబ్బులు చేతికొచ్చాయి. భోజనాల దగ్గర విదేశం మాట మళ్ళీ లేచింది.

"మంచు చూడాలి నాన్నా. మనాలీ కాదు, అసలు మంచు" అన్నాడు గణేష్.

"మనాలీలో ఉన్నది థర్మోకోలా?" అంది సింధూరి.

డిసెంబరు 19 నుంచి 28 అని తేలింది. పిల్లలిద్దరికీ క్రిస్మస్ సెలవులు. ధనుర్మాసం, ఈ ఏడు మూఢం కూడా, పెళ్ళిళ్ళుండవు, చీరల షాపులో ఈగలు తోలుకోవడమే. జనవరి వస్తే సంక్రాంతి బేరాలు, మళ్ళీ ఊపిరాడదు.

రోజుకో ఊళ్ళో దిగి పెట్టెలు మొయ్యడం నా వల్ల కాదన్నాను. ఒకే ఊళ్ళో వంటగది ఉన్న ఇల్లు తీసుకుని, పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి చీకటి పడేలోగా తిరిగి రావాలి. వియన్నా అయితే అన్నిటికీ మధ్యలో ఉంటుందని సింధూరి మ్యాప్ చూపించింది. బెజవాడలో ఉండి మైలవరం, కంకిపాడు చూసొచ్చినట్టే, మధ్యలో దేశం మారుతుంది, అంతే. ప్లాన్ వెయ్యడం నా పని.

వెళ్ళేది నలుగురం. వదిన, అంటే ఆయన అక్కగారు, షాపు చూసుకుంటారు. సోమవారం సోమవారం మంగళగిరి నుంచి నేతవాళ్ళు చీరలు తెస్తారు, విప్పి చూసి తీసుకునే మనిషి ఉండాలి. పైగా వదినకి చలి పడదు.

9 అక్టోబరు, గురువారం

బీరువాలోంచి పాస్‌పోర్టులు తీసి గడువులు చూశాను. 2019లో సింగపూరుకని అయిదుగురికీ చేయించినవి. కరోనాతో అది ఆగిపోయింది. పిల్లలవి నిరుడు మళ్ళీ చేయించాం, మిగతా మూడింటికీ ఇంకా నాలుగేళ్ళుంది. అయిదూ టేబుల్ మీద వరసగా పెట్టి నంబర్లు రాసుకున్నాను.

కొత్త నోటుబుక్కు తెరిచాను. పేజీకి ఒక రోజు. రైలు ఎన్నింటికి, ఎంతసేపు, స్టేషన్ నుంచి ఎంత నడక, బాత్రూము ఎక్కడ, మధ్యాహ్నం ఏం తినాలి.

21: బ్రాటిస్లావా. గంట ప్రయాణం. పులిహోర.
22: సెమరింగ్. కొండ మీద ఊరు. మంచు. చపాతీలు.
23: మెల్క్. పెద్ద మఠం, కింద నది. మెట్లున్నాయి.

మిగతావి రేపు. నేను పైకి చదువుతుంటే వదిన బీన్స్ తుంచుతూ విన్నారు. "సెమరింగ్ స్టేషన్ నుంచి ఎంత నడక అన్నావు?" అని రెండుసార్లు అడిగారు. పన్నెండు నిమిషాలు.

13 అక్టోబరు, సోమవారం

తెల్ల చొక్కా వచ్చింది. బొత్తం లేదు.

18 అక్టోబరు, శనివారం

నాకూ సింధూరికీ లోపల వేసుకునే చలిబట్టలు, స్వెట్టర్లు కొన్నాం. నాది మెరూన్ రంగు. ఆయనకీ గణేష్‌కీ జర్కిన్లు. వదినకి ఒక శాలువా తీసుకున్నాను, ఇంట్లో కప్పుకోవడానికి.

"అత్తకి కూడా స్వెట్టర్ తీసుకుందామా?" అంది సింధూరి.

ఇక్కడ దేనికి అన్నాను. వదినకి చలి పడదు, అందుకే శాలువా.

24, 25 తేదీల పేజీలు రాశాను. 24 సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా వియన్నాలో బజారు. పండగ ముందు రోజు కాబట్టి రాత్రి దాకా తీసే ఉంటాయి. కూరగాయలు, పాలు రెండు రోజులకి సరిపడా అక్కడే కొనాలి. 25న గ్రాజ్. పండగ రోజున పండగ సంత చూడాలి. ఆ రోజు జనం ఎక్కువగా ఉంటారు, స్పెషల్ రైళ్ళు వేస్తారో లేదో కనుక్కోవాలి.

వదినకి చదివి వినిపించాను. "పండగ సంతలో ఏం అమ్ముతారు?" అన్నారు. కొవ్వొత్తులు, బొమ్మలు, వేడి పానీయాలు అన్నాను.

"మంచు మీద నడిస్తే చప్పుడు వస్తుందా మల్లీ?"

తెలియదన్నాను. నోటుబుక్కులో అలాంటి కాలమ్ లేదు.

22 అక్టోబరు, బుధవారం

కార్తీకం మొదలు. వదిన తెల్లవారకముందే లేచి దుర్గా ఘాట్‌కి ఆటోలో వెళ్ళారు. తిరిగొచ్చేసరికి తడిచీర అంచు ఇంకా కారుతోంది. నెలంతా వెళ్తారు. ప్రతి ఏడూ వెళ్తారు. వీసా కాగితాలకి ఫోల్డర్లు నాలుగు కొన్నాను.

27 అక్టోబరు, సోమవారం

వదినకి ఉపవాసం. నది స్నానం అయింది. "నీళ్ళు ఐసులా ఉన్నాయి, ఎంత హాయిగా ఉందో" అన్నారు, దీపం పెడుతూ.

నేను నోటుబుక్కు తీసి 23వ తేదీ రైలు టైము సరిచేశాను.

3 నవంబరు, సోమవారం

పనులు: వంట. పప్పులు ఎండబెట్టాను. వీసా కాగితాలు నాలుగు సెట్లు, నాలుగు ఫోల్డర్లు. అపాయింట్‌మెంట్ 13న హైదరాబాదులో, నాలుగు పేర్లకి. ఎవరి పేరన్నా మారితే ఎనిమిదో తేదీలోగా చెప్పమన్నాడు ట్రావెల్స్ ఆయన.

సాయంత్రం కింది వాటా ఏంజెల్ మేడమీదికి వచ్చింది. మా జాకెట్లన్నీ ఆ అమ్మాయే కుడుతుంది. చేతిలో బూడిదరంగు జాకెట్టు. పొడుగు చేతులు, లోపల మెత్తటి దళసరి గుడ్డతో లైనింగు.

"ఆంటీ, పెద్దమ్మగారు లేరా? ఇది ఒకసారి వేసి చూస్తే చంకల దగ్గర వదులు చేస్తాను."

"ఎవరిది?"

"పెద్దమ్మగారిదే. దసరా తర్వాత ఇచ్చారు. రెండు కుట్టమన్నారు. ఫారిన్‌లో దీని మీద చీర కట్టుకుంటే చలి ఆగుతుందా అని అడిగారు. మీరందరూ కలిసి వెళ్తున్నారు కదా, మర్చిపోకండి ఆంటీ, నాకు అక్కడి నుంచి ఒక క్రిస్మస్ స్టార్ తేవాలి, కిటికీకి కట్టుకుంటాను."

తెస్తాంలే అన్నాను.

"రెండోది వారం కింద కేన్సిల్ చేశారు. గుడ్డ వెనక్కి ఇమ్మన్నారు. ఎందుకాంటీ?"

ఇస్త్రీ బట్టలు లెక్కపెట్టాలని లోపలికి వచ్చేశాను. పద్నాలుగు. సరిపోయాయి.

4 నవంబరు, మంగళవారం

బియ్యం ఏరాను.

5 నవంబరు, బుధవారం

కార్తీక పౌర్ణమి. వదిన నదికి వెళ్ళారు.

ఇంట్లో ఎవరూ లేరు. ఈ ఉగాదికి తెరిచిన లెక్కల పుస్తకం తీశాను. ప్రతి కొత్త పుస్తకంలోనూ మొదటి పేజీలో పాత బాకీలు ఎత్తి రాసుకోవడం నాకు అలవాటు. ఆఖరి వరస:

చౌడేశ్వరి వదిన – హరిద్వారం టిక్కెట్టు 1.

2006 నవంబరులో మొదటిసారి రాసింది. అప్పుడు వదినకి నలభై రెండు. పెళ్ళయిన మూడో ఏడే భర్త పోయి పుట్టింటికి వచ్చేశాక, ఆవిడ తనకోసం తను కొనుక్కున్నది ఆ యాత్ర రైలు టిక్కెట్టు ఒక్కటే. కాశీ, హరిద్వారం, పదహారు రోజులు. పెట్టె సర్దుకున్నారు. బయల్దేరాల్సిన ముందు రోజు నాకు నొప్పులు వచ్చాయి, ఏడో నెలలో. గణేష్ కిలోన్నర కూడా లేడు. వదిన నలభై ఒక్క రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నారు. రైలు వెళ్ళిపోయింది. ఆ నెలలోనే డబ్బు ఇవ్వబోతే "డబ్బుదేముందే, టిక్కెట్టు బాకీ ఉన్నావని రాసుకో" అని నవ్వారు.

రాసుకున్నాను. పంతొమ్మిది ఉగాదులు ఎత్తి రాశాను. ఈ మార్చిలో కూడా రాశాను, ఇదే చేత్తో. అక్టోబరులో నలుగురు అని రాసింది కూడా ఇదే చెయ్యి. ఆయన నలుగురని అనలేదు. ఎవరూ అనలేదు. పాత పేజీ చూశాను. ఆ అంకె నేనే వేశాను.

వదినకి చలి పడదన్న మాట ఎవరి దగ్గర విన్నానా అని ఆలోచించాను. ఎవరూ గుర్తురాలేదు.

7 నవంబరు, శుక్రవారం

ఆయనకి చెప్పాను. నా బదులు వదిన.

"నువ్వు రాకుండానా? ప్లాన్ అంతా నీది."

"ప్లాన్ కాగితం మీద ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు."

"వన్‌టౌన్ అంతా నవ్వుతుంది. పెళ్ళాన్ని షాపులో కూర్చోబెట్టి అక్కని విమానం ఎక్కించాడంటారు."

"అక్కని షాపులో కూర్చోబెట్టి పెళ్ళాన్ని ఎక్కిస్తే అనరా?"

"అది మామూలే కదా" అన్నారు. మజ్జిగలో ఉప్పు రెండోసారి వేసుకున్నారు.

"పోనీ అయిదుగురం వెళ్దాం."

"చిట్టీ నలుగురికే సరిపోతుంది. షాపు తొమ్మిది రోజులు మూస్తే నేతవాళ్ళు పక్క షాపు మెట్లెక్కుతారు."

రెండోది ఆయన మాటే, అక్టోబరులో అన్నది. మజ్జిగ తాగి లేచారు.

8 నవంబరు, శనివారం

వదిన ఒప్పుకోలేదు.

"నాకెందుకే ఇప్పుడు. నాకు చలి పడదు."

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే కదా నెల నుంచి అందరికీ చెబుతున్నావు. నిజమే కాబోలనుకున్నా."

"మరి జాకెట్టు?" అన్నాను.

"ఏంజెల్ చెప్పేసిందా! చెప్పొద్దన్నానే దానికి." కాసేపటికి వదినే అన్నారు, "ఆ రోజు టేబుల్ మీద పాస్‌పోర్టులు అయిదూ పెట్టావు కదా. అయిదు చూసి కుట్టమన్నా. తర్వాత ఫోల్డర్లు నాలుగు కొన్నావు."

లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. వదిన కళ్ళజోడు పెట్టుకుని ఆ వరస చదివారు. పైన తేదీ చదివారు. 2006 పుస్తకం కూడా తెచ్చాను. అదీ చదివారు.

"ఇన్నేళ్ళూ రాస్తూనే ఉన్నావా?"

"రాశాను."

"వడ్డీ ఎంతయింది?"

"మంచు."

"హరిద్వారం బదులు వియన్నానా. ఆ దేవుడికి కోపం రాదూ?"

"కొండ మీద మఠం ఉంది వదినా, 23న. కింద నది కూడా ఉంది."

వదిన నవ్వారు, మళ్ళీ ఆపేశారు. "నీ మొగుడు, నీ పిల్లలు, నీ ప్లాన్. మధ్యలో నేను వెళ్ళి ఏం చూస్తానే?"

"నేను చదివేటప్పుడు ఏం చూశారో అదే."

ట్రావెల్స్ ఆయనకి నేనే ఫోన్ చేశాను. మల్లీశ్వరి పేరు తీసేసి చౌడేశ్వరి పేరు పెట్టమన్నాను. చిన్న మార్పే అన్నాడు.

13 నవంబరు, గురువారం

పదకొండు ఇరవైకి హైదరాబాదు నుంచి ఆయన ఫోన్. "అక్క వేళ్ళు మిషన్ తీసుకోవట్లేదు. నాలుగుసార్లు పెట్టించారు. ఇంకోసారి చూసి, కాకపోతే మళ్ళీ రమ్మంటున్నారు."

మళ్ళీ అంటే డిసెంబరు రెండో వారం. అప్పుడు వీసా అందదు.

పన్నెండో ఏట మగ్గం ఎక్కి, తర్వాత ముప్ఫై ఏళ్ళుగా షాపులో చీరలు తడిమిన వేళ్ళు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ డిపోలో కూడా ఇంతే.

"గోరువెచ్చటి నీళ్ళతో కడిగించండి. తుడవగానే కొబ్బరినూనె ఒక్క చుక్క రాయండి. గట్టిగా నొక్కకూడదు. బొటనవేలు పక్కకి వాల్చి పెట్టమనండి."

"ఇక్కడ కొబ్బరినూనె ఎక్కడ దొరుకుతుంది?"

"వదిన సంచిలో ఉంది. ఎర్ర మూత."

పన్నెండూ అయిదుకి మెసేజ్: పడ్డాయి.

అన్నం మాడింది. గిన్నె నానబెట్టాను.

2 డిసెంబరు, మంగళవారం

వీసాలు వచ్చాయి. నాలుగు.

14 డిసెంబరు, ఆదివారం

వదిన నన్ను షాపులో చాప మీద కూర్చోబెట్టి నేర్పారు. "కళ్ళతో కాదు, అరచేత్తో చూడు. మడత లోపల చెయ్యి పెట్టి నెమ్మదిగా లాగు. పోగు పోయిన చోట చెయ్యి ఆగుతుంది."

నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆ చీరలో మూడు చోట్ల పోయిందట.

రెండు గంటలకి మోకాళ్ళు పట్టేశాయి. వదిన పొద్దున పది నుంచి కూర్చుంటారు.

19 డిసెంబరు, శుక్రవారం

పెట్టెలు నాలుగు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలకి తక్కువ. బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి మూడు పొరల కవర్లలో. నోటుబుక్కు సింధూరికి ఇచ్చాను, కాపీ ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. వదిన చీర మీద బూడిదరంగు జాకెట్టు, దాని మీద గణేష్ పాత జర్కిన్. బాగున్నారని చెప్పాను. నా మెరూన్ స్వెట్టర్ ఇస్తే భుజాల దగ్గర పట్టలేదు.

పై వాటా వాళ్ళు "మీరు వెళ్ళట్లేదా?" అని అడిగారు. నాకు చలి పడదని చెప్పాను.

20 డిసెంబరు, శనివారం

బియ్యం ఒక గ్లాసు వండాను. మిగిలింది.

22 డిసెంబరు, సోమవారం

పనులు: వంట లేదు, నిన్నటిదే. షాపు పది నుంచి ఎనిమిది. నేతవాళ్ళు ఆరుగురు, చీరలు ముప్ఫై ఒకటి.

నిన్న బ్రాటిస్లావా అయింది. ప్లాన్ ప్రకారమే.

మంగళగిరి వెంకటప్పయ్యగారు చాప దగ్గర చెప్పులు విడుస్తూనే "చౌడమ్మగారేరీ?" అన్నారు.

"ఆస్ట్రియా వెళ్ళారండీ."

"అది ఇబ్రహీంపట్నం దాటాక వస్తుందాండీ?"

"దాటాకే. కొంచెం ఎక్కువ దూరం."

ఆయన చీరలు అయిదూ చూసి బాగున్నాయన్నాను. ఆయన డబ్బు తీసుకుని లేచారు, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. మూడో చీర తీసి మడత విప్పి చూపించారు. "ఇదిగోండి, ఇక్కడ రెండు పోగులు పోయాయి. ఆవిడైతే ఈపాటికి నా తాతల్ని కూడా తిట్టేసేవారు. ఆవిడ లేనప్పుడు ఇచ్చి వెళ్ళానంటే వచ్చాక నా మొహం చూడరండీ."

ఆ చీరకి తగ్గించి రాశాను.

రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్. సెమరింగ్ నుంచి తిరిగి వస్తున్నారు. రైలు చప్పుడు. ముందు గణేష్, తర్వాత వదిన.

"మల్లీ, చప్పుడు వస్తుందే."

"దేనికి?"

"మంచుకి. గంజి పెట్టిన కొత్త చీర మొదటి మడత విప్పితే వస్తుందే, అదే చప్పుడు. అడుగు వేసినప్పుడల్లా. నేను అలా చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, వీళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు."

పన్నెండు నిమిషాల నడకకి ఎంత పట్టిందని అడిగాను. గంట.

ఫోన్ పెట్టాక వెంకటప్పయ్యగారి చీర తీసి ఒక మడత విప్పాను. మళ్ళీ మడిచి పెట్టాను.

24 డిసెంబరు, బుధవారం

సాయంత్రం ఏడున్నరకి (అక్కడ మధ్యాహ్నం మూడు) ఆయన ఫోన్. కోపంగా ఉన్నారు.

"ఏంటి నీ ప్లాను? నాలుగు నుంచి తొమ్మిది బజారని రాశావు. ఇక్కడ రెండింటికే మొత్తం కట్టేశారు! పాల ప్యాకెట్టు లేదు, రొట్టె ముక్క లేదు. రోడ్డు మీద కుక్క కూడా లేదు. రేపూ ఎల్లుండీ కూడా తియ్యరట. గ్రాజ్ సంత ఇవాళ్టితో ఆఖరట."

"పండగ ముందు రోజు కదా..."

"పండగ ముందు రోజే!"

బీసెంట్ రోడ్డులో పండగ ముందు రోజు రాత్రి పదకొండింటిదాకా కాలు పెట్టే సందుండదు. పండగంటే షాపు తీసి ఉండాలి. ముప్ఫై ఏళ్ళుగా చీరల షాపు వాళ్ళం, నాకు ఇంకోలా తోచలేదు. రైళ్ళ టైములు మూడుసార్లు సరిచూశాను, దీన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

కింది వాటాలో కిటికీకి స్టార్ వెలుగుతోంది, పాతదే. దిగి వెళ్ళి ఏంజెల్‌ని అడిగాను.

"పండక్కి షాపు ఎవరు తీస్తారాంటీ? చర్చికెళ్ళి వచ్చి ఇంట్లో తింటాం. రేపు నేను మిషన్ మీద చెయ్యి కూడా పెట్టను. నన్ను అడగాల్సింది."

అడగాల్సింది. పదకొండేళ్ళుగా ఒకే మెట్లు.

25 డిసెంబరు, గురువారం

ఏంజెల్ కేకు, బిర్యానీ పంపింది. బిర్యానీలో మాంసం లేదు, నా కోసం విడిగా చేసిందట.

నోటుబుక్కు కాపీలో 25వ తేదీ పేజీ కొట్టేశాను. ఎర్ర ఇంకుతో: తప్పు నాది.

అయిదు దాకా ఫోన్ లేదు. నేను చెయ్యలేదు.

అయిదుంపావుకి వీడియో. వదిన కిటికీ పక్కన కూర్చున్నారు, వెనక మేడలు జరిగిపోతున్నాయి.

"ఏమైంది వదినా? ఏం తిన్నారు?"

"ఉప్మా. నువ్వు బరువు చూశాక శాలువా తీసేసి రెండు కిలోల రవ్వ పెట్టాను. చెబితే కాటా మళ్ళీ తెస్తావని చెప్పలేదు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ట్రాము. పండగైనా ఇది తిరుగుతుందట. రోజంతటికీ ఒకటే టిక్కెట్టు. ఈ చివర ఎక్కి ఆ చివర దిగకుండా మళ్ళీ వెనక్కి. మూడోసారి. డ్రైవరు చెయ్యి ఊపుతున్నాడు. ఎవరూ లేరే, ఊరంతా నాకోసమే తుడిచి పెట్టినట్టుంది. నడక లేదు, మెట్లు లేవు. మల్లీ, అన్ని రోజుల్లోకీ ఈ రోజే నువ్వు బాగా రాశావు."

"ఇది నేను రాయలేదు వదినా."

"రాయకపోతే మంచిదైంది అయితే" అన్నారు. పక్క నుంచి ఆయన నవ్వు వినిపించింది. తర్వాత ఫోన్ తీసుకుని, "తిన్నావా?" అన్నారు.

తిన్నాను. కేకు కూడా.

28 డిసెంబరు, ఆదివారం

వచ్చారు. పెట్టెలు నాలుగు. ఏంజెల్‌కి కాగితం స్టార్, చివర కొంచెం నలిగింది.

29 డిసెంబరు, సోమవారం

అయిన పనులు: వాషింగ్ మెషిన్ నాలుగుసార్లు. వంట (అయిదుగురికి, గోంగూర పప్పు, వంకాయ, పెరుగు). మెరూన్ స్వెట్టర్ మళ్ళీ కవర్లో పెట్టి బీరువా పై అరలో, రెండు కలరా ఉండలు వేసి. వదిన షాపుకి వెళ్ళారు. వెంకటప్పయ్యగారి చీర సంగతి తెలిసి ముందు ఆయన్నీ తర్వాత నన్నూ తిట్టారట.

సాయంత్రం వదిన లెక్కల పుస్తకం తెమ్మన్నారు. బొడ్లోంచి చిన్న కాగితం తీసి ఆ వరస పక్కన పెట్టారు. 25వ తేదీ ట్రాము టిక్కెట్టు.

"ఇప్పుడు నేను నీకు బాకీ" అన్నారు.

"అది నేను రాయను."

"నువ్వు రాయకపోతే నేను రాసుకుంటా. నాకు పుస్తకం లేదనుకున్నావా?"

ముందు మీ బాకీ ముట్టినట్టు సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాను. వేళ్ళు అద్దితే పడవు గాని సంతకం బాగానే పెడతారు. పెట్టారు. టిక్కెట్టు గుండుసూదితో గుచ్చాను.

చౌడేశ్వరి వదిన – హరిద్వారం టిక్కెట్టు 1. ముట్టింది. వచ్చే ఉగాదికి ఎత్తి రాయనక్కర్లేదు.